ఆ బజారు విడిచిన మా మేనత్త

పోయిన మంగళవారం మా మేనత్త చనిపోయింది. నల్గొండలో, తాను వంట చేసే ఆడపిల్లల హాస్టల్లో, బియ్యం కడుగుతూ కూలబడిందట. దవాఖానకు చేరేలోపే గుండె ఆగింది. ఫోన్ చేసి చెబితే చుట్టాల్లో సగం మంది ముందు అడిగింది ఒకటే: "మళ్లీ తాగిందా?" లేదు. ఆరేళ్లుగా ఆమె కల్లు ముట్టలేదు. మిగతావన్నీ తర్వాత, ఈ ఒక్క మాట ముందే చెప్పాలనిపించింది.

అత్త మెట్టినిల్లు మహబూబ్‌నగర్ వైపు ఒక పల్లె. మామ తొందరగా పోతే నాట్లకు, కలుపుకు పోయి కొడుకును సాకింది. అక్కడ నాటు ముగిశాక కూలీతో పాటు ఆడవాళ్లకు కూడా తలా ఒక సీసా కల్లు ఇచ్చేవాళ్లు. అందరూ గట్టు మీద కూర్చుని తాగుతుంటే ఒక్కతే నిలబడి ఏం చేస్తుంది? నడుము పట్టేస్తే దవాఖానకు బస్సెక్కాలి. కల్లు దుకాణానికి పోవడానికి చెప్పులు కూడా అక్కర్లేదు. పెళ్లికి అదే, చావుకు అదే.

నేను డిగ్రీలో ఉండగా ఆమెను నల్గొండలో మా ఇంటికి తెచ్చుకున్నాం. మానిపిస్తానని పంతం పట్టింది నేనే. మూడో రోజుకు చేతులు వణికాయి, మెడ పక్కకు లాగేసింది, గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది. డాక్టర్ నన్ను తిట్టాడు.

"అది చెట్టు మీదికెల్లి దిగిన కల్లు కాదమ్మా, నిద్రమందు కలిపిన నీళ్లు. ఒక్కసారే ఆపితే పానం మీదికొస్తది. మెల్లగ తగ్గించాలె."

రెండు నెలలకు తేరుకుంది. ఇక నయమైపోయిందనుకుని నేనే బస్సెక్కించి ఊళ్లో దింపడానికి పోయాను. గడప తొక్కకముందే పక్కింటామె సీసాతో వచ్చింది.

"అయ్యో వదినె, గింత బక్కగైనవేంది? నీ కోడలు తిండి పెట్టలేదా? పట్టు, జర తాగు, పానం నిమ్మలమైతది."

ఆమెలో చెడ్డతనం ఏమీ లేదు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చినట్టే ఇచ్చింది. అత్త ఆ రోజు తీసుకోలేదు. వారం తిరిగేసరికి మళ్లీ మొదలైందని కొడుకు ఫోన్ చేశాడు. కోపంగా పోయాను.

"మనసు గట్టిగ చేసుకోవచ్చు కదా అత్తా!"

"మనసు ఒక్కటే కోడలా. పిలిచేటోళ్లు ఇరవై మంది."

మనిషిని చూసి, ఆమె చుట్టూ ఉన్నదాన్ని చూడకపోవడం నా పొరపాటు. దాన్ని ఆమె ఒక్కనాడు కూడా ఎత్తిచూపలేదు.

తర్వాతి వానాకాలం తనే వచ్చింది, ఒక సంచితో, అప్పుడే పదో తరగతి అయిన కొడుకుతో.

"మొన్న వీని చేతిల సీసా పెట్టిండ్రు, మొగోనివైనవ్ తాగురా అని. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఇంటికొచ్చినంక బుగులైంది, వీడు గూడ నా లెక్కనే అయితడని" అంది.

ఈసారి డాక్టర్ చెప్పినట్టే మెల్లగా మానింది. వంటపనికి కుదిరింది. కిరాయి గది ఉన్న సందు మొదట్లో ఒక కల్లు దుకాణం ఉండేది. దాని ముందు నుంచి పోకుండా రోజూ రెండు బజార్లు చుట్టి ఇంటికి వచ్చేది. ఒకసారి నాతో ఆటోలో వస్తూ అట్లే తిప్పించింది. "అమ్మా, నీకు దారి తెల్వదా?" అన్నాడు ఆటో అతను. "తెల్సు కాబట్టే గిట్ల పొమ్మంటున్న" అంది.

పెళ్లిళ్లకు పోయేది కాదు. చీర కొని మా అమ్మతో పంపేది. "పట్నం పోంగనె దొరసానైంది" అని చుట్టాలు ఎత్తిపొడిచేవాళ్లు. నేను మెచ్చుకుంటే ఒప్పుకునేది కాదు.

"నేను కల్లు ఇడువలే కోడలా. ఆ బజారు ఇడిసిన, గంతే."

చివరికి ఆ ఊరికే తీసుకుపోయి మామ పక్కన పూడ్చాం. మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు. మామ వాళ్ల అన్నయ్య రెండు కల్లు సీసాలు తెచ్చి అత్త కొడుక్కి అందించాడు.

"ఒకటి మీ అమ్మకు, ఒకటి నీకు. తాగు కొడుకా, దుఃఖం దిగుతది."

"అమ్మ బంజేసింది పెద్దనాయినా. నాకు గూడ వద్దు."

"పోయినంక ఏం పథ్యంరా? కల్లు లేకుంటె పిట్ట ముట్టది."

వాడు రెండు సీసాలూ తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. విస్తరిలో అన్నం, కోడికూర మాత్రమే ఉన్నాయి. తుమ్మచెట్టు మీద కాకులు కదలలేదు. "నేను చెప్పలే?" అన్నాడాయన. ఎండ ముదిరింది. ఒక్కొక్కరే దుకాణం వైపు నడిచారు. పోతూ పోతూ ప్రతి ఒక్కరూ వాణ్ని రమ్మన్నారు.

"బస్సు పోతది, నువ్వు పో వదినె. నేనుంట" అన్నాడు నాతో.

బస్సు కోసం ఎక్కిన ఆటో మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. తువ్వాల నెత్తిన కప్పుకుని, విస్తరికి నాలుగడుగుల దూరంలో వాడొక్కడే నిలబడి ఉన్నాడు. కాకులు ఇంకా దిగలేదు.