పురిటి గదిలో అక్క చెప్పిన మాట

ఎదురింట్లో పురుడు వచ్చినట్టుంది. నిప్పుల మీద వేసిన వాము పొగ తెల్లవారేసరికి మా అరుగు దాకా వచ్చింది. రోజూ డైరీ రాసే వేళకు కలం పట్టుకుని, నా చిన్నప్పటి సంగతి ఒకటి రాయడం మొదలుపెట్టాను.

మా ఊరు తణుకుకు రెండు కోసుల దూరం. ఆనకట్ట కట్టాక మా పెరటి వెనక కాలువ తవ్విన కొత్త రోజులవి. ఆషాఢంలో ఎర్రనీరు రాగానే పిల్లలమంతా గట్టెక్కి కేకలు వేసేవాళ్ళం. ఇళ్ళ నిండా నూరిన గోరింటాకు వాసన, గడ్డిలో మాగేసిన ఆఖరు మామిడిపళ్ళ వాసన. ఆ ఆషాఢంలోనే మా అక్క సూరమ్మ పుట్టింట మగపిల్లవాణ్ణి కన్నది. అక్కకు పదిహేనేళ్ళు, నాకు ఎనిమిది. అమ్మ ఎప్పుడో పోయింది గనుక ఇంటికి నాయనమ్మే పెద్ద.

గది కిటికీకి గోనె కట్టారు, మంచం కింద కుంపటి పెట్టారు. పది రోజులు మైల, ఎవరూ తాకకూడదు. ఒళ్ళు చల్లబడుతుందని పూటకు గిద్దెడు కాచిన నీళ్ళే ఇచ్చేవారు. వెనక కాలువ పారే చప్పుడు మాత్రం ఆ గదిలోకి వినిపిస్తూనే ఉండేది. అక్క ఏదీ అడిగేది కాదు, ఏడ్చేది కాదు, నిద్రపోయేదీ కాదు. చూడవచ్చిన అమ్మలక్కలు అందుకే ఆమెను మెచ్చుకున్నారు.

"ఎంత ఓర్పండీ మీ సూరమ్మకి! మా కోడలైతే రోజుకో పేచీ పెట్టి నా ప్రాణం తీసింది."

నాయనమ్మ మురిసిపోయింది.

ఎనిమిదో రోజు, గడప దగ్గర గవ్వలాడుతున్న నన్ను అక్క పిలిచింది.

"అమ్మడూ, వీణ్ణి తీసుకుపోవే. నా దగ్గర ఉంచొద్దు. నా చేతులంటే నాకే భయమేస్తోంది."

బిడ్డను ఎత్తుకుని నాయనమ్మ దగ్గరికి పరుగెత్తి ఆ మాటే చెప్పాను.

"మైల ముట్టుకొచ్చావా! పో, నూతి దగ్గరికి. బంగారంలాంటి మగపిల్లాణ్ణి పక్కనేసుకుని భయమేంటి దానికి? పదిమందిని కన్నాను, నాకెప్పుడేసింది భయం? మళ్ళీ ఆ మాటంటే వాత పెడతాను."

బిడ్డను మళ్ళీ అక్క పక్కన పడుకోబెట్టింది. నేను స్నానం చేసి ఊరుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం గడప బయట చేటలో బిడ్డ నిద్రపోతూ కనిపించాడు. ఒంటి నిండా దుప్పటి కప్పి, ఈగలు వాలకుండా మొహం మీద పల్చని గుడ్డ వేసి ఉంది. మంచం ఖాళీ. అక్కను కాలువ దిగువన, లాకుల దగ్గర నీళ్ళలోంచి తీశారు. గాలి సోకిందన్నారు.

ఆ గది ఇప్పుడు లేదు, నాయనమ్మా లేదు. ఆ పిల్లవాణ్ణి మేమే పెంచాం. పెద్దయ్యాక ఎన్నోసార్లు అడిగేవాడు: "ఒక్కమాటైనా చెప్పకుండా పోయిందట గదా పిన్నీ, మా అమ్మ?" అవునని తల ఊపేదాన్ని. నిరుడు అతనూ పోయాడు. నిన్ను కాపాడమనే అడిగిందిరా అని చెబుదామంటే ఇక వినడానికి అతను లేడు.