చరూన్ బావ టోపీ మీది పురుగు

పురుగును చూసి జాతి చెప్పడంలో మా చాంతబురి తోటల్లో చరూన్ బావను మించినవాడు లేడు. ఆ మాట ఎవరన్నారని అడక్కండి, ఆయనే అన్నాడు. నేను ఆయన తోటకు కంచె ఇవతల ఉంటాను కాబట్టి రోజూ వినక తప్పేది కాదు.

బావ ఇల్లరికం వచ్చినవాడు. తోట, ఇల్లు, ఆఖరికి ఆయన పడుకునే వెదురు మంచం కూడా ఆయన భార్య, నాకు వరసకు అక్క అయిన లమోమ్‌కు తల్లి ఇచ్చినవే. మా వైపు ఆస్తి చిన్న కూతురికి, చాకిరీ అల్లుడికి. బావ ఆ చాకిరీని కూడా పెద్దమనసుతో ఇతరులకు వదిలేశాడు. పొద్దున గంజి తాగి కాఫీ కొట్టుకు వెళ్ళి, వాన ఎప్పుడొస్తుందో, ఏ కోడి పందెం గెలుస్తుందో చెప్పి వచ్చేవాడు. వాన ఆయన మాట వినేది కాదు. కోళ్ళూ అంతే.

అయితే పెళ్ళైన కొత్తలో ఒక ఘనకార్యం చేశాడు. అత్తగారు తన చేత్తో నాటుకున్న డూరియన్ చెట్టు, అదే ముళ్ళ పనసలాంటి కాయలు కాసేది, దాని మీద పాకుతున్న మీసాల పెంకుపురుగును పట్టి చంపాడు. కాండంలో గుడ్లు పెట్టే జాతి అది. పిల్లపురుగులు బెరడు కింద సొరంగాలు తవ్వి చెట్టును నిలువునా తినేస్తాయి. "ఫరవాలేదు, అల్లుడికి కళ్ళు పనిచేస్తున్నాయి" అంది అత్తగారు. ఆవిడ జన్మలో ఆయన్ని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. బావ ఆ పురుగును ఎండబెట్టి తన తాటాకు టోపీకి గుచ్చుకున్నాడు. అత్తగారు పోయింది, టోపీలు చిరిగిపోయాయి, పురుగు మాత్రం ఒక టోపీ నుంచి ఇంకో టోపీకి బదిలీ అవుతూ వచ్చింది. పట్టిన రోజు అది ఏ రంగులో ఉండేదో ఆయనకే గుర్తు లేదు.

ఆ చెట్టంటే అక్కకు ప్రాణం. ఏటా దాని మొదటి కాయను తల్లి పేరున గుడిలో భిక్షువులకు ఇచ్చాకే మిగతావి బజారుకు కదిలేవి.

ఈమధ్య ఏళ్ళలో పురుగులు బాగా పెరిగాయి. మేమంతా రేవు నుంచి చిరిగిన చేపల వలలు తెచ్చి కాండాలకు చుట్టాం. చీకటి పడ్డాక పాకుతూ వచ్చిన పురుగు కాళ్ళూ మీసాలూ వలలో చిక్కుకుంటాయి, పొద్దున్నే నలిపెయ్యడమే. అక్క తెల్లారకముందే బజారుకు పోతుంది గనుక వలలు చూసే పని బావ మీద పడింది. అక్కడే కొంప మునిగింది.

బావ పురుగును ఊరికే చంపడు. ముందు విచారణ జరగాలి. వలలోంచి విడిపించి, రెండు వేళ్ళతో పట్టుకుని, టోపీ తీసి పక్కన పెట్టి పోల్చేవాడు. ముద్దాయి వేళ్ళ మధ్య కిర్రుకిర్రుమంటూ ఉండేది.

"ఇటు చూడు మరదలా," అని కంచె మీదుగా నాకు పాఠం. "ఒళ్ళు బూడిద రంగు, సరే. మెడకు అటూ ఇటూ ముళ్ళు, సరే. రెక్కల మొదట్లో ఆవాలు చల్లినట్టు నల్లటి గరుకు, అదీ సరే. మీసాలు ఒంటికంటే బారు, మగది కాబట్టి మరీ బారు. కానీ మెడ మీద చూడు, రెండు ఎర్ర మచ్చలు! మన చెట్టు పురుగుకు ఉండేవి తెల్ల మచ్చలు." టోపీ తిప్పి చూపించాడు.

"అన్నీ కలిశాయి కదా బావా, రంగొక్కటే తేడా. నలిపి పారెయ్యరాదూ?"

"రంగే కదే అసలు గుర్తు! ఇది మన చెట్టుది కాదు. ఏ అత్తి చెట్టుకో పోతూ దారి తప్పింది. తప్పు చెయ్యనిదాన్ని చంపితే ఆ పాపం ఎవడు మోస్తాడు, నువ్వా?"

"మోస్తాలే, ఇలా ఇయ్యి."

"నీకు జాలి లేదు," అన్నాడు.

గుడి దగ్గర జనం చేపల్ని, పిట్టల్ని కొని మరీ వదిలి పుణ్యం సంపాదిస్తారు. బావకు అది ఇంటి దగ్గరే ఉచితంగా దొరికింది. పురుగును అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "సుఖంగా ఉండు నాయనా, నీ చెట్టు వెతుక్కో" అని దీవించి వదిలేవాడు. అది సుఖంగా ఉండటానికి కంచె దాటి మా చెట్ల మీద వాలేది. పుణ్యం ఆయనకి, పురుగులు మాకు. నాకు ఒళ్ళు మండిపోయేది.

తెల్లమచ్చల పురుగు ఒక్కటీ పడలేదు కాబట్టి తన తోటలో శత్రువే లేడని కాఫీ కొట్టులో ప్రకటించాడు. అత్తగారి చెట్టు మొదట్లో రంపపు పొట్టు రాలుతూ, కాండం మీద ఎర్రటి జిగురు కారుతుంటే, "పెద్దది కదా, చెమట పడుతోంది" అన్నాడు. అక్క నమ్మింది.

"మా అమ్మే అంది కదే, ఆయన కళ్ళు మంచివని" అనేది నాతో. తల్లి అన్న మాట మీద ఇంకేం అంటాను?

ఒకరోజు నా నోరు మూయించడానికి బావ ఎర్రమచ్చల పురుగును ఖాళీ సాస్ సీసాలో వేసి తెచ్చాడు. "ఇదిగో సాక్ష్యం" అని నా ముక్కు దగ్గర ఆడించాడు. తర్వాత దాన్ని వంటింటి అటక మీద పెట్టి, రేపు వదులుదామనుకుని మరిచిపోయాడు. అంతటి పుణ్యాత్ముడు.

ఆ ఏడు చెట్టు పూసింది గానీ ఒక్క కాయా నిలవలేదు. అక్క బజారులో కొన్న కాయను తల్లి పేరున ఇచ్చి, ఇంటికొచ్చి ఏడ్చింది. వానలు మొదలయ్యాక కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోయాయి.

అప్పుడు దొరికింది ఆ సీసా. అక్క అటక మీద గిన్నె కోసం వెతుకుతోంది, నేను కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. సీసాలో పురుగు చచ్చి ఎండిపోయి ఉంది. మెడ మీద రెండు మచ్చలు, తెల్లగా ఉన్నాయి.

"ఇది ఎర్రగా ఉండేది కదే?" అంది అక్క.

"ఎర్రగానే ఉండేది. నా ముక్కు మీద పెట్టి మరీ చూపించాడు."

అక్క బావ కునుకు తీస్తున్న మంచం దగ్గరికి వెళ్ళి, కొక్కానికున్న టోపీ తీసి, పాత పురుగు పక్కన కొత్తదాన్ని గుచ్చి ఆయన పొట్ట మీద పెట్టింది. రెండింటికీ ఇసుమంత తేడా లేదు. బతికుండగా ఎరుపు, చస్తే తెలుపు. ఇన్నాళ్ళూ మా న్యాయమూర్తిగారు బతికినవాటిని శవంతో పోల్చి, నిర్దోషులని విడుదల చేశారు.

"ఎన్నింటిని వదిలావయ్యా?" అంది అక్క.

బావ లేచి కూర్చుని, వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి, మధ్యలో ఆపేశాడు. ఆయన తప్పు బయటపడితే చూడాలని ఎంతకాలంగానో ఎదురుచూశాను. తీరా ఆ రోజు వచ్చాక, అక్క మొహం చూస్తే నాకు నవ్వు రాలేదు.

చెట్టు కొట్టక తప్పలేదు. బావ కూలీలను రానివ్వకుండా రంపం తానే పట్టాడు. కాండం పడి చీలేసరికి లోపల అంతా సొరంగాలు, వాటి నిండా లావుపాటి తెల్లటి పిల్లపురుగులు. ఒక సొరంగంలోంచి అప్పుడే రెక్కలొచ్చిన పురుగు మీసాలు చాచుకుని నెమ్మదిగా బయటికి వచ్చింది. మెడ మీద రెండు మచ్చలు కుంకుమలా ఎర్రగా ఉన్నాయి. బావ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అది కిర్రుమంది.

అక్క మొద్దు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"చెప్పు," అంది. "ఇది ఏ చెట్టుది?"

బావ టోపీ తియ్యలేదు, పోల్చలేదు.

"మీ అమ్మ చెట్టుదే" అన్నాడు.