రొయ్యలకు మానేసిన నత్తలు

తెలియక చేశారంటే నేనూ నోరు మూసుకునేదాన్ని. తెలిసే చేశారు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ తప్పు నాదేనంటున్నారు, పెద్దాయన్ని నిలదీశానట.

అక్క తొలి కాన్పుకి ఏలూరు, పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. నత్తల కూర తినాలనుందని అమ్మతో ఒక్కసారి అంది, అంతే. కొల్లేరు వైపు రొయ్యల చెరువులున్న మా మేనమామ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక టిఫిన్ క్యారేజీతో దిగిపోయేవారు. అత్తయ్య మిరియాలు దంచి వేసి వండిన కూర. అక్క వేళ్లు నాకుతూ తినేది. హైదరాబాద్ నుంచి సెలవుకి వచ్చిన నేను ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టాను, మేనమామంటే ఇలా ఉండాలని.

ఆ వారమే ఆయన చెరువు దగ్గరకి వెళ్లాను. రొయ్యలకు నత్త మాంసం కొట్టి వేయడం చిన్నప్పుడు చూశాను. వీడియో తీద్దామని ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. గట్టు మీద కంపెనీ మేత బస్తాలే ఉన్నాయి.

"నత్తలేవి మావయ్యా?"

"మానేశాం కదమ్మలూ. మన నత్తల్లో సీసం, కాడ్మియం ఉన్నాయంట. డ్రెయిన్లో వచ్చే బురదంతా అయ్యే తింటాయి కదా. సరుకు కొనేవాడు టెస్టు చేయించి మరీ చెప్పాడు. అయ్యి మేపితే రొయ్య ఎత్తనన్నాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"పోయిన పంటప్పుడు."

ఫోన్ ఇంకా రికార్డవుతూనే ఉంది. "మరి అక్కకి తెచ్చేవి?"

ఆయన నీళ్ల వైపు చూశారు. "అయ్యీ ఇక్కడియ్యే. పిల్ల నోరు తెరిచి అడిగింది. మేనమామనై ఉండి లేదంటే మీ అమ్మ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? రెండు ముక్కలకి ఏమవుద్దిలే."

"రొయ్యకి అవుద్దిగా! మీ రొయ్యపాటి చెయ్యదా మా అక్క?"

"అరవకమ్మా, కూలోళ్లు వింటారు."

అదీ ఆయన బాధ.

మర్నాడు అక్కని డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్లి అంతా చెప్పాను. రక్తం తీసుకున్నారు. రిపోర్టు ఇంకా రాలేదు. గంటకోసారి ఫోన్ చూస్తున్నాను. అక్క పొట్ట మీద చెయ్యి తీయడం లేదు. అమ్మేమో, "మావయ్యకి ఫోన్ చేసి సారీ చెప్పవే. పాపం, ప్రేమకొద్దీ తెచ్చాడు," అంటోంది.

చెప్పను. రొయ్యలకు పనికిరాదని మానేసినదాన్ని చూలాలికి వండి పెట్టడం ప్రేమేనని మీరూ అంటారా? అంటే, మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లకి అదే కూర వడ్డించగలరా?