అత్తయ్య తల ఊపితేనే అచ్చుకి

మా మావయ్యను పత్రికాఫీసులో అందరూ గళ్లాయన అంటారు. ఆదివారం పూట ఊరంతా పెన్సిలు కొరుక్కుంటూ కూర్చునే గళ్లనుడికట్టు ఆయన కూర్చినదే. ఆధారాలు రాసేస్తే సరిపోదు. పొద్దున్న కాఫీ తాగుతూ ఒక్కొక్కటీ అత్తయ్యకు చదివి వినిపించాలి. ఆవిడ కూరగాయలు తరుగుతూ తల నిలువుగా ఊపితే అచ్చుకి, అడ్డంగా ఊపితే చెత్తబుట్టలోకి. ఎడిటరు మాటనైనా పక్కన పెట్టేవాడు గానీ, ఆవిడ తల ఊపనిదే ఒక్క ఆధారం కూడా బయటికి పంపేవాడు కాదు మహానుభావుడు.

మొన్న ఆదివారం క్రికెట్ ప్రత్యేకం. "ఇంగ్లీషులో బంతిని బాదేది, తెలుగులో తలకిందులుగా వేలాడేది" అని ఒక ఆధారం. గబ్బిలం అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. తీరా చూస్తే గబ్బిలానికి మూడు గళ్లు చాలు, అక్కడేమో నాలుగున్నాయి. ఇంగ్లీషులో క్రికెట్ అనే పురుగు, మన కీచురాయి, కూర్చోవాల్సిన చోట గబ్బిలాన్ని వేలాడదీశాడు. ఆ పేజీ చూసేది నేను కాబట్టి ఫోన్లన్నీ నాకే. జవాబు చెప్పలేక తల వాచిపోయింది. ఒళ్లు మండి నేరుగా వాళ్లింటికి వెళ్లాను.

"మీ అత్తయ్య ఊపిందే తల్లీ. నాలుగు గళ్లని కూడా చదివాను," అన్నాడు మావయ్య తెల్లబోయి. ఆవిడ పొరపాటు పడిందంటే ఆయనకు మింగుడు పడటం లేదు.

అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. మావయ్య ఎప్పటిలాగే కాగితం ముఖానికి అడ్డంగా పట్టుకుని చదవబోయి, ఆగాడు. ఏమనుకున్నాడో ఏమో, ఆధారం చదివే గొంతుతోనే అడిగాడు.

"నేను పోతే నీకు హాయిగా ఉంటుంది కదూ?"

అత్తయ్య నవ్వుతూ తల నిలువుగా ఊపింది.

మావయ్య కాగితం దించాడు. కొయ్యబారిపోయిన ఆ ముఖం చూసి అత్తయ్య కత్తి పక్కన పెట్టేసింది. సంగతి బయటపడిందని ఆవిడకూ తెలిసిపోయింది.

మావయ్య ఆవిడ ఎదురుగా చతికిలబడ్డాడు. "ఎప్పట్నుంచి వినపడటం లేదు?"

"చలికాలం నుంచి. ముఖం కనపడితే పెదాలు చూసి పోల్చుకుంటున్నా. మీరేమో కాగితం అడ్డం పెట్టుకుంటారు."

"నాకు చెప్పొద్దూ? డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని కదా."

"చెబితే ఆ చదవడం మానేస్తారని భయమేసింది," అంది అత్తయ్య. "మీరు రోజు మొత్తమ్మీద నాతో మాట్లాడేది అదొక్కటేగా."

మావయ్య ఏదో అనబోయాడు. అత్తయ్య ఆయన పెదాల వైపే చూస్తూ కూర్చుంది.