అన్ని తలుపుల దగ్గరా నేనే

మొన్న మణికొండలో మా చెల్లెలి కూతురు లాప్‌టాప్ ముందు కూర్చుని, నెట్‌వర్కు రికార్డింగులో ప్రతి ప్యాకెట్టూ రెండేసి సార్లు కనబడుతోందని విసుక్కుని, ఆ ముక్కే ఏఐ మెషిన్‌ని అడిగితే అర నిమిషంలో జవాబు వచ్చేసింది. ఆ జవాబు నేను రెండుసార్లు చదివాను, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో, మాదాపూర్ ఆఫీసులో, దాని కోసమే నేను మూడు రోజులు కొట్టుకున్నాను.

మా ల్యాబులో ఒక పెట్టె ఉండేది. రెండు కంప్యూటర్ల మధ్య దాన్ని పెడితే, ఊళ్లు దాటి వెళ్లే నెట్‌వర్కులో జరిగే ఆలస్యాలన్నీ అక్కడే సృష్టించి చూపేది. అందులోంచి పోయే సమాచారపు ముక్కల్ని, అంటే ఆ ప్యాకెట్లనే, రికార్డు చేసి పరీక్షించడం నా పని. ఒకరోజు ప్రతిదీ రెండుసార్లు కనబడింది. వెనకాముందూ చూడకుండా, ఆ ప్యాకెట్లు పంపే ప్రోగ్రాము రాసిన కాకినాడ సహోద్యోగిదే తప్పని టీమంతటికీ మెయిల్ పెట్టేశాను. ఆ శుక్రవారమే అతని ఉద్యోగం ఖాయం చేసే మీటింగు. అతను నా బల్ల దగ్గరికి వచ్చి, "నా ప్రోగ్రాము ఒక్కసారే పంపుతోందండీ, ఇంకోసారి చూడరూ" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. అరిచి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అప్పుడు పట్టుకుంది నాకు పంతం. నిజం తేలేదాకా ఆ పెట్టెను వదలకూడదనుకున్నాను. కేబుళ్లు మార్చాను, పెట్టెలో ఉన్నదంతా చెరిపి మళ్లీ ఎక్కించాను, జంట ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి అక్షరమక్షరం పోల్చాను. రెండింటి మీదా నంబరు ఒకటే. ప్రోగ్రాము రెండోసారి పంపి ఉంటే కొత్త నంబరు పడాలి కదా!

గురువారం భోజనం కూడా మానేసి కూర్చున్న నన్ను చూసి, మా లీడ్, వరంగల్ అక్క, "ఏ తలుపు కాడ నిలవడి చూస్తున్నవ్?" అని అడిగింది. తలుపులంటే ప్యాకెట్లు పెట్టెలోకి వచ్చే, బయటికి పోయే దారులు. అన్ని తలుపుల దగ్గరా అన్నాను గొప్పగా; ఏదీ జారిపోకూడదని రికార్డింగులో 'అన్నీ' అని పెట్టుకోవడం నా అతి జాగ్రత్త. "మరి ఒక్క మనిషినే లోపటికి వచ్చేటప్పుడోసారి, బయటికి పోయేటప్పుడోసారి చూస్తే ఇద్దరైతరా?" అంది అక్క.

ఒక్క తలుపు దగ్గరే రికార్డు చేశాను. ఒక్కొక్కటే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదేనని మళ్లీ టీమంతటికీ రాసి, అంతటితో సరిపోదనిపించి, లేచి అతని దగ్గరికి వెళ్లి చెప్పాను. అతను నవ్వేసి, కూర్చోమని నా వైపు కుర్చీ జరిపాడు. మర్నాడు అతని ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు ప్రోగ్రాము రాసేదీ మెషినే, తప్పెక్కడో చెప్పేదీ మెషినే. మంచిదే, ఎవరి బతుకూ మూడు రోజులు గాల్లో వేలాడదు. కానీ తప్పయిందని చెప్పుకోవడానికి బల్లకి అవతల ఒక మనిషి ఉండటం ఎంత భాగ్యమో, మన తరానికే తెలుసేమో.