అరుంధతి నాకూ కనిపించలేదు

మా లైబ్రరీలో దినపత్రికల బల్ల మీద దారం కట్టిన పొడవాటి నోటుబుక్కు ఒకటి ఉంటుంది. అట్ట మీద ‘తెలుసా?’ అని నేనే రాశాను. చదివిన వాటిలో ఆశ్చర్యం అనిపించిన సంగతిని ఎవరైనా అందులో రాయవచ్చు. రాసింది చాలావరకు నేనే. ఒక పేజీలో నా చేతిరాతతో ఇలా ఉంది: ‘అరుంధతి నక్షత్రం కనిపించనివారికి ఆయుష్షు ఆరు నెలలేనని పూర్వం నమ్మేవారు.’ వాక్యంలో తప్పు లేదు, ‘నమ్మేవారు’ అనే రాశాను. కానీ ఆ వాక్యం మా ఇంట్లో చేసిన పని ఆ పేజీలో లేదు. రేపు ఇంకెవరైనా దాన్ని చదివి ఇంటికి పట్టుకుపోతే మిగతా సగం కూడా వాళ్ళ చేతిలో ఉండాలి. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని అక్క ఒట్టు వేయించుకుంది కాబట్టి ఇందులో ఎవరి పేరూ ఉండదు.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. చదువు పదో తరగతి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా చిలకలగూడ లైబ్రరీలో, డ్యూటీ దిగి, చేతులకు గ్రీజు వాసన పోకముందే కూర్చుని నేర్చుకున్నది. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వం ఉంది. శుక్రుడి మీద ఒక రోజు అక్కడి ఏడాది కన్నా పెద్దదని చదివిన నాడు, ఇంటికి నడిచి వస్తూ దారిలో ముగ్గురికి చెప్పాను. నాలుగో మనిషి అక్క. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది, పద్మారావు నగర్‌లో కూతురి దగ్గర ఉంటుంది. నేను ఏం చెప్పినా పూర్తిగా వినే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఆక్టోపస్‌కు మూడు గుండెలని చెబితే, “ఒక్కటి మోస్తేనే ఇంత తక్లీఫ్ అయితున్నది, మూడు ఎట్ల మోస్తదిరా పాపం!” అని నిజంగానే జాలిపడింది.

రెండేళ్ళ కింద, ఎండాకాలంలో మా చిన్నమ్మాయి పెళ్ళి చేశాం. ముహూర్తం పగలు పదకొండు గంటలకు. తాళి కట్టించాక పురోహితుడు కొత్త జంటను ఫంక్షన్ హాలు బయటికి తీసుకొచ్చి, మండే ఎండలో ఆకాశం వైపు వేలు చూపించి, “అరుంధతి కనిపించిందా?” అన్నాడు. అల్లుడు కళ్ళు చికిలించి, “కనిపించింది” అన్నాడు. అమ్మాయి తల వంచుకునే, “కనిపించింది” అంది. వెనకాల నిలబడ్డ నాకు నవ్వాగలేదు.

సాయంత్రం దీపాలు పెట్టాక, వంటవాళ్ళు ఇంకా వడ్డనకు పిలవకముందు, చుట్టాలందరినీ హాలు మేడ మీదికి తీసుకుపోయాను. ఉత్తరాన సప్తర్షులను చూపించాను. “తోక కొస నుంచి రెండోది వశిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని మసక చుక్క ఉంటది చూడండి, అదే అరుంధతి. పూర్వం ఇది చూపు పరీక్ష” అన్నాను. ఒకరి తర్వాత ఒకరు, “ఆఁ, కనిపించింది, కనిపించింది” అన్నారు.

అక్క మాత్రం, “నాకు కనిపిస్తలేదురా” అంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు ఇంకో సంగతి తెలుసు కదా! “అరుంధతి కనిపించనోళ్ళకు ఆరు నెలలే ఆయుష్షు అని పాత పుస్తకంల రాసి ఉందక్కా” అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. కిందికి దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ గట్టిగా పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగింది. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను.

పదిహేను రోజులకు మేనకోడలు ఫోన్ చేసింది.

“మామా, అమ్మ ఈసారి మామిడికాయ తొక్కు పెట్టదట.”

మా అక్క తొక్కు పెట్టకపోవడమంటే నాలుగిళ్ళలో ఏడాదంతా చప్పటి కూడు. పానం బాగాలేదా అని అడిగాను.

“బాగనే ఉంది. చీరలు పంచుతున్నది. అత్తకని ఒకటి తీసిపెట్టింది. మొన్న తాలింపుల ఆవాలని రాగులు ఏసింది. కళ్ళు చూపిద్దాం రా అమ్మా అంటే, ఆరు నెలలకు కొత్త అద్దాలు ఎందుకే అంటది. ఏం ఆరు నెలలు మామా?”



ఆ పూటే పద్మారావు నగర్ పోయాను. అక్క మంచం మీద చీరలు దొంతరగా పెట్టుకుని కూర్చుంది. నా దగ్గర ఏముంది? చదువే ఉంది. దాంతోనే మొదలుపెట్టాను.

“అక్కా, అరుంధతి మనకు ఎనభై కాంతి సంవత్సరాల దూరం. ఈ రోజు మన కంట్ల పడే వెలుతురు, మనిద్దరం పుట్టకముందు అక్కడ బయలుదేరింది. అంత పాత వెలుతురుకు నీ ఆయుష్షు ఎట్ల తెలుస్తది?”

“పాతవాళ్ళకే కదరా అన్నీ తెలిసేది” అంది.

“అది ఒక్క చుక్క సుత కాదు. దుర్భిణిలో చూస్తే వశిష్ఠుడు నలుగురు, అరుంధతి ఇద్దరు. మొత్తం ఆరు.”

“ఒక్కటి కనపడకనే నేను పరేషాన్ అయితుంటే, ఆరంటవేందిరా!”

ఆమెను ఓదార్చబోయి ఇంకో అయిదు చుక్కలు నెత్తిన పెట్టి వచ్చాను.

మర్నాడు లైబ్రరీకి పోయి ఖగోళం బీరువా అంతా దించాను. కౌంటర్ దగ్గర కూర్చునే లైబ్రేరియన్ ఏం వెతుకుతున్నారని అడిగితే సంగతంతా చెప్పాను. ఆమె తేదీ ముద్ర వేస్తూ వేస్తూ ఆగి, “మరి మీరు చూశారా సార్, అరుంధతిని?” అంది.

ఏముంది, చూశాను అనబోయాను. ఎప్పుడు చూశాను? హాలు మేడ మీద నేను చూపించానంతే. వేలు ఎటు పెట్టాలో నాకు పుస్తకంలోని బొమ్మను బట్టి తెలుసు. వశిష్ఠుడు కనిపించాడు, పక్కన రెండోది ఉండాలి కాబట్టి ఉందన్నాను. అంతకుముందు? నా పెళ్ళిలో చూశానా? అదీ పగటి ముహూర్తమే.

ఇంటికొచ్చి మా ఆవిడను అడిగాను. “మన పెళ్ళిల నీకు అరుంధతి కనపడ్డదా?”

“నేను పంతులు వేలు చూసిన. ఉంగరం మంచిగుండె” అంది.

“మరి కనిపించిందంటివి?”

“మీరు అన్నరు కదా, నేను సుత అన్న.”

ఆ సాయంత్రం మా మేడ ఎక్కాను. మా ఇంటికి ఉత్తరాన వర్క్‌షాపు షెడ్లు, అటు వెలుతురు కాస్త తక్కువ. అద్దాలు తుడుచుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని మెడ పట్టేసేదాకా చూశాను. వశిష్ఠుడు ఒక్కడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్క దగ్గరికి పోయి, ఈసారి పుస్తకం ఏదీ తీసుకుపోకుండా, కింద కూర్చున్నాను.

“అక్కా, నాకూ కనిపించలేదు. మొన్న హాల్ల కనిపించలేదు, నా పెళ్ళినాడు సుత కనిపించలేదు. నలభై ఏండ్ల సంది ఉట్టిగనే చెప్తున్న. నీ లెక్కన నేను ఎప్పుడో పోవాలె.”

అక్క దగ్గరికి వంగి నా మొహం వైపే చూసింది. ఎంత కనిపించిందో నాకు తెలియదు.

“పెద్ద సైంటిస్ట్ లెక్క వేలు పెట్టి చూపిస్తివి కదరా!”

“చూపించిన. చూడలె.”

“మరి ఆళ్ళందరు కనిపించింది అన్నరు?”

“అట్లనే అంటరు. పెండ్లిల అంతకన్న ఏమంటరు? కనపడలేదన్నది నువ్వొక్కదానివే. నిజం చెప్పినందుకు నీకు ఆరు నెలలు, అబద్ధం ఆడినందుకు మాకు నూరేండ్లా?”

అక్కకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఈ పదిహేను రోజులు పొద్దున లేవగానే గోడ మీది క్యాలెండర్ వైపు చూసేదాన్నని, అంకెలు కనిపించకపోతే ఇంకా భయమయ్యేదని అప్పుడు చెప్పింది. కొంగుతో ముక్కు తుడుచుకుని కూతుర్ని పిలిచి, “ఏ డాక్టరన్నవే?” అని అడిగింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఉన్నాయన్నాడు డాక్టరు. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమయ్యేదన్నాడు. వానాకాలంలో ఒక కంటికి, నెల గడిచాక రెండో కంటికి చేశారు. డాక్టరు ఒక మాట చెబితే నేను కాగితం మీద రాసుకున్నాను: వయసుతో కంటిలోని కటకం పసుపుపచ్చబడుతుంది, నీలం రంగు సగానికి సగం లోపలికి రాదు, మెల్లమెల్లగా జరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదు. నేను ఆ కాగితం విప్పి చదవకముందే అక్క ఫోన్ చేసింది.

“మరదలికి ఇచ్చిన చీర ఉన్నది చూడు, అది నీలంది అంటరా! నేను బురదరంగు అనుకుని ఇచ్చిన. జెర వాపస్ ఇయ్యమను.”

మా ఆవిడ ఇచ్చేసింది. రెండుసార్లు కట్టుకున్నాక ఇచ్చింది.

కార్తీకం వచ్చింది, పోయింది. ఆరు నెలలు నిండిన రోజు అక్క పొద్దున్నే స్నానం చేసి, ఎవరితో ఏమీ అనకుండా గుడికి పోయి వచ్చిందని మేనకోడలు చెప్పింది. భయం పూర్తిగా పోలేదన్నమాట. అప్పుడు సప్తర్షులు సాయంత్రం పూట కనిపించరు. ఎండాకాలం దగ్గరపడ్డాకే మళ్ళీ ఎక్కి వస్తారు. ఉగాది అమావాస్య వెళ్ళిన మర్నాడే కాబట్టి ఆకాశంలో వెన్నెల అడ్డు ఉండదని లెక్క చూసుకుని, ఆ సాయంత్రం అక్కనూ మేనకోడలినీ మా ఇంటికి పిలిచాను.

భోజనాలయ్యాక మేడ ఎక్కాం. అక్క నీలం చీర కట్టుకుంది. మెట్లు ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కింది. నేను వేలు చూపించలేదు. “తోక కొస నుంచి రెండోది” అని మాత్రం చెప్పి, చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ఆమె చాలాసేపు చూసింది. షెడ్ల అవతల రైలు ఒకటి కూత పెట్టుకుంటూ పోయింది.

“కనిపించింది” అంది.

ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది కదా. “ఏ దిక్కున?” అన్నాను.

“కింద. జెర ఎడమకు. చిన్నగ, ముక్కుపుల్లంత.”

మేనకోడలి వైపు తిరిగాను. “కరెక్టే మామా, కిందనే ఉంది” అంది.

నేనూ చూశాను. అద్దాలు తుడిచి చూశాను. ఒక్కడే ఉన్నాడు.

“నీకు?” అంది అక్క.

“లేదు.”

“ఇగ నీకు ఆరు నెలలే తమ్మీ!” అని నా వీపు మీద చరిచి నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను చిన్నప్పటి తర్వాత ఎప్పుడూ వినలేదు. నవ్వు ఆగాక, “సోమవారం డాక్టర్ దగ్గరికి నేను తోల్కపోత. అద్దాలు ఎందుకంటే ఊకోను” అంది. ఆ సోమవారమే పోయాం. నాకూ ఒక కంట్లో శుక్లం మొదలైందట.

ఆ ఎండాకాలం నాలుగిళ్ళకూ తొక్కు వచ్చింది.

ఫోన్ చేసిన మేనకోడలికి, పురోహితుడి ఉంగరం చూసిన మా ఆవిడకు, నీలం సంగతి చెప్పిన డాక్టరుకు, అడగాల్సిన ఒక్క ప్రశ్న అడిగిన లైబ్రేరియన్‌కు నేను రుణపడి ఉన్నాను. అందరూ కనిపించిందన్న చోట, కనిపిస్తలేదన్న అక్కకు అందరికన్నా ఎక్కువ. నోటుబుక్కులో ఆ పాత వాక్యం కింద ఇప్పుడు ఇంకో వాక్యం రాశాను: ‘ఇది రాసినవాడికి కూడా కనిపించలేదు. మీకు కనిపించకపోతే కంటి డాక్టరును కలవండి.’