బోర్లించిన ఫోను

నానక్‌రామ్‌గూడలో మా చిన్న సోషల్ నెట్‌వర్క్ ఆఫీసును ఊడ్చే అక్క, ఆ సైటులోనే తన చెల్లెలి బిడ్డ ఫొటోలు చూసేది. మధ్యలో వీడియో ప్రకటన రాగానే ఫోను బోర్లించి, ఎదుటి భవనం అద్దాల్లో తేలే మబ్బులను చూసేది. “వాళ్ల ముచ్చట వాళ్లు చెప్పుకోనీ సారూ,” అనేది. ప్రకటనను ఆమె చూసినట్టే నమోదయ్యేది. ఆ లెక్కలను పరిశీలించడమే నా ఉద్యోగం.

“ఎవరూ చూడకపోతే ప్రకటనలు ఆగిపోతాయక్కా. వాటి డబ్బుతో నడిచే సైటు మూతపడుతుంది,” అన్నాను.

“మరి పిల్లను ఏడ జూడాలె?”

మర్నాటి నుంచి ప్రతి ప్రకటననూ రెప్పవేయకుండా చివరిదాకా చూసింది. “ఇగ మూతపడదు గదా సారూ?” అని అడిగింది.

ఒక్కరి చూపుతో సైటు నిలవదని నాకు తెలుసు. రుజువు లేని మాటను ఏనాడూ ఒప్పుకోని నేను, మూతపడదన్నట్టు తలూపాను. ఆమె చూడని మబ్బులు అద్దాల్లో నెమ్మదిగా సాగిపోయాయి.